ఆఖరి పది సెకండ్ల దేవానందం

లారీని వెనక్కి రప్పించడం ఒక విద్య. అరవై నాలుగు కళల్లో దీనికి చోటు దక్కకపోవడానికి కారణం ఆ లెక్క వేసేనాటికి లారీలు లేకపోవడమే గానీ, విద్య తక్కువదై కాదు. ఎద్దుల బండిని వెనక్కి నడిపి చూసిన వాడెవడైనా ఈ మాట ఒప్పుకుంటాడు. ముందుకు పోయేటప్పుడు పశువుకైనా యంత్రానికైనా తన కళ్లు చాలు. వెనక్కి వచ్చేటప్పుడు ఎవరో ఒకరు కళ్లు అరువివ్వాలి. నాచారం పారిశ్రామికవాడలోని సీసాల కంపెనీకి పద్నాలుగేళ్లపాటు అలా కళ్లు అరువిచ్చిన మనిషి పేరు మేకల దేవానందం.

మనిషి ఐదడుగుల రెండంగుళాలు. బుగ్గలు మాత్రం ఆరడుగుల మనిషివి. భువనగిరి అవతల పల్లె. అక్కడి చర్చిలో గంట కొట్టేది వాళ్ల నాన్నే. తండ్రి గంట పెద్దకొడుక్కి పోయింది, చిన్నకొడుకు పట్నం వచ్చాడు. కంపెనీ వాళ్లు మెడలో ఒక ఇత్తడి సీటీ, అదే ఈల, వేసి, లోడింగ్ అరుగు దగ్గర నిలబెట్టారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఖాళీ లారీలు వెనక్కి రావాలి, నిండినవి ముందుకు పోవాలి. దేవానందం భాషలో రెండే మాటలు. పొడుగు సీటీ అంటే ఆగు. రెండు పొట్టి సీటీలంటే రా. నేను దేశమంతా తిరిగాను, ఏడెనిమిది భాషల్లో దారి అడిగాను, ఇంత స్పష్టమైన వ్యాకరణం ఎక్కడా చూడలేదు. పాణిని బతికుంటే మెచ్చుకునేవాడు, సంధులు లేవని కాస్త నొచ్చుకున్నా.

ఆయనకు ముందు ఆ అరుగు దగ్గర ఇంకొకాయన ఉండేవాడట. ఒకసారి ఆయన సీటీ అర క్షణం ఆలస్యమై, లారీ గోడను గుద్ది, నలభై పెట్టెల సోడా సీసాలు ఒక్కసారిగా పగిలాయి. ఆ చప్పుడు మౌలాలి గుట్ట మీదికి కూడా వినిపించిందని చెబుతారు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. అప్పటినుంచి కంపెనీలో ‘గోడ కూలినంక సీటీ’ అన్నది సామెతైపోయింది. పెళ్లయ్యాక బుద్ధి చెప్పేవాడిని, జ్వరం తగ్గాక మందు తెచ్చేవాడిని అదే మాటతో దెప్పేవారు. దేవానందం మాత్రం దాన్ని సామెతగా కాక వాక్యంగా తీసుకున్నాడు. పరిశుద్ధ వాక్యమన్నంత గట్టిగా.

ఇక బుట్టాట సంగతి.

ఎనభై రెండులోనో మూడులోనో ఎక్కడినించో బదిలీ మీద వచ్చిన మేనేజరు ఒకాయన, లోడింగ్ అరుగు పక్కన ఖాళీ జాగాలో సిమెంటు పోయించి, రెండు కొసలా రెండు ఇనుప స్తంభాలు పాతించాడు. స్తంభాల పైన చెక్క పలకలు, వాటికి అడుగు లేని వల బుట్టలు. అదేమిటో ఎవరికీ తెలియక, క్వార్టర్ల ఆడవాళ్లు ఆ కొస నించి ఈ కొసకు తాడు లాగి వారం రోజులు చీరలు ఆరేసుకున్నారు. తర్వాత బంతి వచ్చింది. బాస్కెట్‌బాల్ అని మేనేజరు ఎంత చెప్పినా నాచారంలో అది బుట్టాటే అయింది. ఆ ఆట పుట్టిన కొత్తలో బుట్టలకు అడుగు ఉండేదనీ, బంతి పడిన ప్రతిసారీ ఒకరు నిచ్చెనెక్కి తీయాల్సి వచ్చేదనీ ఎక్కడో చదివాను. నిచ్చెన ఉన్నన్నాళ్లూ ఆటగాళ్లకు చల్లబడడానికి తీరిక ఉండి ఉంటుంది. అడుగు ఊడగొట్టాకే కొట్లాటలు మొదలై ఉంటాయని నా అనుమానం.

రెఫరీ కావలసి వచ్చినప్పుడు మేనేజరు అడిగింది ఒక్కటే ప్రశ్న. “సీటీ ఎవరి దగ్గర ఉంది?” ఉన్నది ఒక్కరి దగ్గరే.

నిబంధనల పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. ఇంటర్ దాకా చదివిన అబ్రహాం, అదే కంపెనీలో పెట్టెలు మోసే పొడుగాటి కుర్రాడు, రోజూ సాయంత్రం చదివి తెలుగులో చెప్పేవాడు. బైబిల్లో అన్నిటికంటే పొడుగైన నూట పంతొమ్మిదో కీర్తన మొత్తం తడుముకోకుండా ఒప్పజెప్పగల మనిషికి ఆ పుస్తకం ఒక లెక్కా? మూడు వారాల్లో కంఠతా వచ్చింది. ఒక్క అలవాటు మాత్రం పుస్తకంలో లేనిది, ఆయన సొంతం. ఫౌల్ అయితే పొడుగు సీటీ. ఆట మళ్లీ మొదలు కావాలంటే రెండు పొట్టి సీటీలు. అరుగు మీది భాష కోర్టులోకి వచ్చేసింది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఏటా ఎండాకాలం ఆదివారాల్లో ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీల జట్లు ఎనిమిది ఆడేవి. ఆరు రోజులు అందరూ దేవానందానికి చెప్పేవారే. ఆదివారం నాలుగింటినించి ఐదున్నర దాకా తాను అందరికీ చెప్పేవాడు. ఆ గంటన్నర కోసం దేవానందం మిగతా వారం బతికేవాడంటే అతిశయోక్తి కాదు. ఆట లేని ఆదివారం ఇంట్లో ఆయన పడే అవస్థ భార్య పాపమ్మ నోటనే వినాలి.

“బియ్యం కడిగి గిన్నె పొయ్యి మీద వెడుతుంటె ఎనకకొచ్చి నిలవడ్తడు. రానీ, రానీ, ఇంక జర రానీ, బస్ అంటడు. గిన్నెకు రివర్స్ గేరుంటదా?”

చిక్కంతా ఎనభై ఏడు ఫైనల్లో వచ్చింది. ఆట ఇంకో రెండు సెకండ్లుందనగా సీసాల కంపెనీ ఆటగాడొకడు ఎదుటివాడి చేతి మీద కొట్టాడు. దేవానందం సొంత కంపెనీ అని చూడలేదు. పొడుగు సీటీ. ఎదుటివాళ్లు రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డురాకుండా వేసే ఒక్కో పాయింటు బంతులు, వేసుకుని గెలిచి, కప్పు బస్సెక్కించుకుని పోయారు. మేనేజరు మొహం మాడింది. మేనేజరు మొహం మాడితే వేడి తగిలేది చిదంబరానికి.

చిదంబరం టైమాఫీసు గుమాస్తా, ఆటల కమిటీ కార్యదర్శి, మ్యాచ్‌లకు స్టాప్‌వాచీ పట్టేవాడు. మరుసటి వారం క్యాంటీన్ గోడ మీద ఆయన ముత్యాల్లాంటి దస్తూరీతో ఒక నోటీసు వెలిసింది. ‘ఆట చివరి పది సెకండ్లలో రెఫరీ సీటీ ఊదరాదు. ఊదినచో సీటీని కమిటీకి వాపసు చేయవలెను.’

దేవానందం దాన్ని మూడుసార్లు చదివి టైమాఫీసు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

“సారూ, గిదేంది?”

“ఆఖరికి ఆటగాండ్లు తేల్చుకోవాలె దేవానందం. సీటీ తేల్చొద్దు. పెద్ద పెద్ద దేశాలల్ల గట్లనే అంటరు.”

“పెద్ద దేశాలల్ల లారీలు లేవా సారూ? గోడకు మూరెడు దూరంల ఉన్నప్పుడే గదా సీటీ గావాలె. గేటు కాడ ఉన్నప్పుడు ఎవడన్న ఊదుతడు.”

“ఆట లారీ గాదు.”

“మీరు పొద్దుగాల ఎనిమిదింటికి గేటు మూస్తరు. ఎనిమిది దాటి ఒక్క నిమిషమైతే సగం దినం గోస్తరు. ఆఖరి నిమిషం గదా, పోనియ్యి అంటరా?”

చిదంబరం కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. “గేటు వేరు,” అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, “మస్తు వేరు,” అన్నాడు.

ఆ ఏడాదంతా ఉప్పల్ నించి నాచారం దాకా ఇదే చర్చ. విత్తు ముందా చెట్టు ముందా అన్నది తేల్చకుండానే మన పెద్దలు రెండు వేల ఏళ్లు సుఖంగా గడిపారు, అలాగే ఇదీ. టీ హోటళ్లలో రెండు పక్షాలయ్యాయి. ఊదాలనే వారు వెనక బల్లల మీద, ఊదొద్దనేవారు ముందు బల్లల మీద. ఎటూ కాని నేను నిలబడి తాగేవాణ్ని. ఇంట్లో పాపమ్మ ఊదొద్దనే పక్షం. ఆమెకు ఆట ధర్మంతో పనిలేదు, ఆదివారం సాయంత్రం భర్త ఇంట్లో ఉండకపోవడమే కావాలి. ఒకరోజు ఆమె బైబిల్నే తీసింది.

“సిలువ మీద దొంగను ప్రభువు ఆఖరి గడియల మాఫ్ జేసిండు గదనయ్యా! నువ్వు ప్రభువు కంటె పెద్దోనివా?”

“మాఫ్ జేసిండు,” అన్నాడు దేవానందం. “సిలువ మీదికెల్లి దించిండా?”

పాపమ్మ దీనికి జవాబు కోసం చర్చికి పోయింది. అక్కడి పెద్దలు ఇంకా వెతుకుతూనే ఉన్నారని తర్వాత విన్నాను. అయినా ఆమె వదల్లేదు. “నీకు న్యాయం గావాల్నా, సీటీ గావాల్నా, ఏదో ఒకటి సెప్పు,” అంది. ఆ రాత్రి దేవానందం సీటీని దిండు కింద పెట్టుకుని పడుకున్నాడట. పొద్దున లేచి, “సీటీయే గావాలె,” అన్నాడు. ఆయన జీవితంలో అంత చిన్న గొంతుతో మాట్లాడింది అదొక్కసారేనని పాపమ్మ చెప్పింది.

ఎనభై ఎనిమిది ఏప్రిల్లో సీసాల కంపెనీ కోర్టులోనే ఫైనలు. ఎదుట ఉప్పల్ దారం మిల్లు. వాళ్ల కెప్టెన్ బుచ్చిరాములు గట్టి మనిషి, దారం కండెలు ఎత్తి ఎత్తి చేతులు అరటి బోదెల్లా తయారైనవాడు. జనం కోర్టుకు రెండు పొడుగు వైపులా కూర్చున్నారు. తూర్పు స్తంభం వెనక ఎవరూ లేరు, అటు లోడింగ్ అరుగుకు పోయే సందు ఉంది కనక.

ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా ఆ సందు చివరి గేటు తెరుచుకుంది. లారీ డ్రైవరు కొమురెల్లి. ఎండాకాలం సోడా సీసాలకు తొందర ఆర్డరు వచ్చి, రెండు రోజులు నిద్ర లేకుండా బండి నడిపి వస్తున్నాడు. గేటు బయటే బండి తిప్పుకుని, అలవాటు ప్రకారం వెనక్కి లోపలికి పట్టాడు. కొమురెల్లి లారీకి అద్దం ఉండేది, తల దువ్వుకోవడానికి. పదకొండేళ్లుగా ఆయన ఆ అరుగు దగ్గర వెనక్కి తిరిగి చూడలేదు. దేవానందం సీటీ ఉండగా చూడడమంటే దేవుడి మాట మీద నమ్మకం లేక పంచాంగం తిరగేసినట్టే.

సరిగ్గా అప్పుడే కోర్టులో రెండు పొట్టి సీటీలు మోగాయి.

‘అయ్యో, ఐతారం గూడ అన్నకు డ్యూటీ ఏసిన్రా’ అని జాలిపడి కొమురెల్లి బండి వదిలాడు.

ఆఖరి రెండు నిమిషాల ఆట ఎలా ఉంటుందో తెలిసిందే. నాలుగడుగులకో ఫౌల్. పొడుగు సీటీ, ఆటగాళ్లు ఆగేవారు, లారీ ఆగేది. రెండు పొట్టి సీటీలు, ఆట కదిలేది, లారీ కదిలేది. జనం చూడలేదా అంటే చూశారు. దేవానందం సీటీ మీద వస్తున్న లారీకి భయపడవలసిన పని ఏమిటని ఊరుకున్నారు. అలా లారీ వాయిదాల మీద స్తంభం దాకా వచ్చింది.

మిల్లు నలభై రెండు, కంపెనీ నలభై ఒకటి. బంతి అబ్రహాం చేతికి వచ్చింది.

“పది సెకండ్లు!” అని చిదంబరం స్టాప్‌వాచీ పైకెత్తి అరిచాడు. అరుస్తూ దేవానందం వైపు చూశాడు.

అబ్రహాం తూర్పు బుట్ట వైపు ఉరికాడు. బుచ్చిరాములు వెనకనించి అబ్రహాం నిక్కరు నడుం దగ్గర పిడికిలి బిగించి పట్టుకున్నాడు. చాటుగా కూడా కాదు. బోరింగు పంపు పట్టుకున్నంత బాహాటంగా. దేవానందం నోట్లో సీటీ ఉంది. రొమ్ము నిండా గాలి పీల్చాడు, బుగ్గలు కొబ్బరికాయలంత అయ్యాయి, కళ్లు ఎర్రబడ్డాయి. ఊదలేదు. అబ్రహాం ఒక చేత్తో బంతి, ఒక చేత్తో నిక్కరు పట్టుకుని, బుచ్చిరాములును మూడడుగులు ఈడ్చుకుపోయాడు. దేవానందం ఊదలేదు. అబ్రహాం ఎగిరి ఒంటిచేత్తో బంతి విసిరాడు. దేవానందం అప్పుడూ ఊదలేదు.

ఆగమన్నవాడు లేడు కనక లారీ వస్తూనే ఉంది.

బంతి బుట్టకు రెండడుగులు ఇవతల పడేదే. లారీ వెనక తలుపు స్తంభాన్ని ‘ధన్’ మని తాకింది. స్తంభం ముందుకు వంగింది. అంగట్లో కొసరు కోసం సంచి చాచినట్టు, బుట్ట రెండడుగులు ముందుకొచ్చి బంతిని అందుకుంది. స్టాప్‌వాచీ ఆగింది.

కొమురెల్లి లారీ దిగి, వంగిన స్తంభాన్నీ, జనాన్నీ, దేవానందాన్నీ చూశాడు.

“అన్నా, సీటీ ఏమాయెనే?” అన్నాడు. కోపంగా కాదు. ఏడుపు గొంతుతో.

దేవానందం బుగ్గల్లో ఆగిన గాలి అప్పుడు బయటికొచ్చింది. ‘పీప్’ మని, పిచ్చుక పిల్ల కూసినట్టు.

తర్వాతి అరగంట రాయడానికి నా దగ్గర కాగితం చాలదు. సీసాల కంపెనీ వాళ్లు నలభై మూడు, నలభై రెండు, గెలిచామని గంతులేశారు. మిల్లు వాళ్లు చిదంబరాన్ని చుట్టుముట్టారు.

“ఆట నడుస్తుంటె బుట్ట నడువొచ్చునా సారూ? ఏ పుస్తకంల ఉన్నది?”

“నడువొద్దని ఏ పుస్తకంల ఉన్నది?” అని సీసాల కంపెనీ వాళ్లు ఎదురడిగారు.

చిదంబరం పుస్తకమంతా తిప్పాడు. వాన పడితే ఏం చేయాలో ఉంది, దీపాలు పోతే ఏం చేయాలో ఉంది. లారీ లేదు. చివరికి పుస్తకం మూసి, “రెఫరీ మాటే మాట,” అన్నాడు. దేవానందం చెవి దగ్గరికి వంగి, “బుట్ట ఒప్పుకో. కప్పు మనది, సీటీ నీది. నువ్వు నోటీసు తప్పలేదని నేను రాస్త,” అని గొణిగాడు. గొణగడం ఆయనకు చేతకాదు. అటు పక్కన కూర్చున్న పాపమ్మకు కూడా వినిపించింది.

“ఒప్పుకోవయ్యా!” అని ఆమె అక్కడినించే అరిచింది.

దేవానందం వంగిన స్తంభం దగ్గరికి వెళ్లి దాన్ని చేత్తో తడిమాడు. తిరిగి వచ్చాడు.

“బుట్ట చెల్లదు,” అన్నాడు. మిల్లు వాళ్లు ఈలలు వేశారు. “ఆగున్రి. బుచ్చిరాములు నిక్కరు గుంజిండు. నేను సూసిన. సూసి ఊదలే. గోడ కూలినంక ఊదిన. నా బతుకుల ఇదే మొదటిసారి. గిప్పుడు ఊదుతున్న.” పొడుగు సీటీ ఊదాడు. మౌలాలి స్టేషన్లో గార్డు కూడా జెండా వెతుక్కునేంత పొడుగ్గా. “అబ్రహాంకు రెండు ఫ్రీ త్రోలు. పడమటి బుట్టకు.”

“నోటీసు యాదికున్నదా?” అన్నాడు చిదంబరం.

దేవానందం సీటీ తాడును తలమీదుగా తీశాడు. చెవులకు ఒకసారి తట్టుకుంది. చిదంబరం చేతిలో పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, వచ్చే ఆదివారాలన్నీ కళ్ల ముందు కనిపించి.

అప్పుడు మాట్లాడింది బుచ్చిరాములు.

“సారూ, నేను గుంజిన్నా? గుంజిన. ఎందుకు గుంజిన? దేవానందమన్న ఊదుతడనే గుంజిన. పోరనికి ఫ్రీ త్రోలు పడయి, మాకు తెలుసు. రెండూ ఇడిసిపెడ్తడు, మేం గెలుస్తమనుకున్న. మనిషి ఊదకపాయె! నాకే బుగులు వుట్టింది. నిక్కరు పట్టుకున్న చెయ్యి ఎప్పుడిడువాల్నో సమజ్ గాలే. ఇంగ జరసేపైతె నేను గూడ బుట్టల పడుదును.”

ఈ దేశంలో ధర్మశాస్త్రాలు చాలా ఉన్నాయి. దొంగే పోలీసును రమ్మని వేడుకున్న ఘట్టం వాటిలో దేనిలోనూ లేదనుకుంటాను.

అబ్రహాం నిక్కరు బిగించుకుని పడమటి బుట్ట ముందు నిలబడ్డాడు. మొదటి బంతి పడింది. రెండోది అంచు చుట్టూ రెండుసార్లు తిరిగి బయటికి పోయింది. నలభై రెండు, నలభై రెండు. ఒక బుట్ట వంగిపోయింది కనక ఇంకా ఆడించే దారి లేదు. కప్పు సీసాల కంపెనీకి, కప్పు మూత దారం మిల్లుకు ఇచ్చారు. ఆ మూతను మిల్లు క్యాంటీన్లో ఆవకాయ జాడీ మీద చాలా ఏళ్లు చూశాను.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి సందులో ఖాళీ లారీలు వరుస కట్టాయి. దేవానందం అరుగు దగ్గర నిలబడి, “రా, రా, ఆగు,” అని నోటితో అరిచాడు. డ్రైవర్లు ఇంజన్లు ఆపేసి దిగారు. నోటి మాట ఎవరైనా అంటారు, దాన్ని నమ్మి బండి వెనక్కి తోలుతామా అన్నారు. తొమ్మిదింటికి మేనేజరు టైమాఫీసుకు ఫోను చేశాడు. చిదంబరం డ్రాయరులోంచి సీటీ తీసి, తానే అరుగెక్కి, మొదటి లారీకి ఊదాడు. పొడుగూ కాదు, పొట్టీ కాదు, ఎటూ కానిది. అందులోంచి కొమురెల్లి తల బయటపెట్టి, “సారూ, మీదేం బాస? నాకు సమజైతలేదు,” అన్నాడు.

పదింటికి సీటీ దేవానందం మెడలోకి వచ్చింది. వచ్చిందే గానీ ఆదివారం మాట? దేవానందం సీటీని పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. “గిది లారీలకేనా సారూ, ఆటకు గూడనా?”

సందులో అప్పటికి తొమ్మిది లారీలు. మొదటి దాంట్లో కూర్చున్న కొమురెల్లి, తొందరేమీ లేదన్నట్టు, అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. చిదంబరం మనసులో చాలా మథనం జరిగి ఉండాలి. తన దస్తూరీతో తాను రాసిన నోటీసును తానే చింపడం టైమాఫీసు చరిత్రలో లేదు. మధ్యాహ్నం అన్నం వేళకు క్యాంటీన్ గోడ మీది పాత నోటీసులో కింది వాక్యం కొట్టేసి, పై వాక్యం చివర మూడు మాటలు చేర్చాడు. ‘ఆట చివరి పది సెకండ్లలో రెఫరీ సీటీ ఊదరాదు, లారీ వస్తుంటే తప్ప.’

దేవానందం దాన్ని మూడుసార్లు చదివాడు. కొమురెల్లి భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు.

ఆ తర్వాత నేను నాచారంలో ఉన్నంత కాలం, తూర్పు స్తంభం సరిచేశాక, దాని వెనక లారీ లేకుండా ఒక్క మ్యాచ్ జరగలేదు. కొమురెల్లి ఆటంతా క్యాబిన్లో నిద్రపోయేవాడు. చివర్లో లేచి, ఇంజన్ ఆన్ చేసి, జానెడు వెనక్కి జరిపేవాడు. లారీ వస్తోంది కనక సీటీ ఊదవచ్చు. ఊదితే లారీ ఆగేది, ఫౌలూ ఆగేది. ఒకసారి ఉప్పల్ మిల్లు కోర్టులో లారీ దొరక్క ట్రాక్టరు తెచ్చారు. ట్రాక్టరు లారీ కిందికి వస్తుందా రాదా అని కమిటీ గంటసేపు వాదించుకుని, ట్రాలీ తగిలిస్తే వస్తుందని తేల్చింది. కొన్నాళ్లకు ఆటగాళ్లకు గేరు చప్పుడు వినపడితే చాలు, ఎదుటివాడి మీది చేతులు వాటంతట అవే కిందికి దిగేవి.

నేను చూసిన ఆఖరి మ్యాచ్‌లో ఒక చిక్కొచ్చింది. ఆట సరిసమానంగా ఉంది, జనం లేచి నిలబడ్డారు, క్యాబిన్లో మాత్రం కొమురెల్లి గురక. దేవానందం నోట్లో సీటీ పెట్టుకుని, బుగ్గలు నింపుకుని, దిక్కుతోచక చిదంబరం వైపు చూశాడు. చిదంబరం స్టాప్‌వాచీని చూశాడు, లారీని చూశాడు, మేనేజరు కూర్చున్న కుర్చీని చూశాడు. ఆ తర్వాత గొంతు చించుకుని అరిచాడు.

“పది సెకండ్లు! ఓ కొమురెల్లీ, లెవ్వురా! గేరెయ్యి!”